రెండోసారి జరగనిది ఏది? ఫొటో, వీడియో సామాను ఇలా ఎంచుకోండి

"ఏ కెమెరా కొనమంటారన్నా?" అని ఫోన్ చేసే కుర్రాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను: నీకొచ్చే ఆర్డర్లలో రెండోసారి జరగనిది ఏది? పెళ్లిలో జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం. చీరల కేటలాగ్‌లో రంగు తేడా వస్తే మర్నాడు మళ్లీ తీయొచ్చు. మొదటి రకం పనిలో ఏదీ చేజారకుండా చూసుకోవడానికి డబ్బు పెట్టాలి. రెండో రకంలో వెలుతురు మీద పెట్టాలి. ఇది చూసుకోకుండా రివ్యూలు చూసి బాడీ (లెన్సు లేని ఒట్టి కెమెరా) కొనేసి, తర్వాత లెన్సుకీ లైటుకీ అప్పు చేసేవాళ్లే మన ఫీల్డులో ఎక్కువ.

మాది రాజమండ్రి. సీజన్లో కోనసీమ వైపు పెళ్లిళ్లు, మూఢాల్లోనూ ఆషాఢంలోనూ తాడితోట బట్టల షాపులకి చీరల ఫొటోలు, మధ్యమధ్యలో డాన్సు ప్రోగ్రాములు, మీటింగులు. కింద రాసేదంతా ఈ పనుల్లోంచి వచ్చిందే. సినిమా కెమెరాల సంగతి కావాలంటే హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దెకిచ్చేవాళ్లని అడగండి, నాకంటే వాళ్లే బాగా చెబుతారు.

పెళ్లికి

ముహూర్తం రాత్రి 2 గంటలకి అనుకోండి. అడ్డుతెర మధ్యలో ఉండగానే ఒకళ్ల తల మీద ఒకళ్లు జీలకర్ర బెల్లం పెడతారు, గట్టిమేళం మోగుతుంది, తెర దిగుతుంది, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. అక్షింతలు మీద పడుతుంటాయి. మేనమామ, బాబాయి, తోడికోడలు, అందరూ ఫోన్లు పైకెత్తి సరిగ్గా మీ ముందుకే వస్తారు. ఆ కాసేపట్లో కార్డు ఎర్రర్ చూపిస్తే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే పెళ్లి కెమెరాలో నేను మొదట చూసేది రెండు కార్డు స్లాట్లు. ఒకే ఫొటో రెండు కార్డుల్లోనూ పడాలి. సోనీ ఏ7 మార్క్ ఫోర్, కెనాన్ ఆర్6 మార్క్ టూ, నికాన్ జెడ్6 త్రీ, ఈ మూడింట్లో ఏదైనా పెళ్లికి సరిపోతుంది. మూడింటికీ రెండేసి స్లాట్లున్నాయి. ఒక తేడా గమనించండి: కెనాన్‌లో రెండూ మామూలు ఎస్‌డీ కార్డులే. నికాన్‌లో ఒకటి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన, ఖరీదైన కార్డు, రెండోది ఎస్‌డీ. ఆ సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డులూ రీడరూ కలిపి ఎంతవుతుందో బాడీ ధరకి కలుపుకుని లెక్కేయండి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనపడే నికాన్ జెడ్6 మొదటి మోడల్, కెనాన్ ఈఓఎస్ ఆర్, రెండింటికీ ఒక్క స్లాటే. పెళ్లిలో అవి రెండో కెమెరాగా పనికొస్తాయి, మెయిన్‌గా వద్దు.

మెగాపిక్సెళ్ల గురించి టెన్షన్ పడేవాళ్లు ఆల్బమ్ లెక్క ఒకసారి చూడండి. మనవాళ్లు ఎక్కువగా చేయించే కరిజ్మా ఆల్బమ్ తెరిస్తే 12 అంగుళాలు, 36 అంగుళాలు. ఆ షీటు మొత్తం ఒకే ఫొటోతో, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున నింపాలంటే 39 మెగాపిక్సెళ్ల దాకా కావాలి. 200 చొప్పున అయితే 17 చాలు. పైగా షీటు మొత్తం ఒకే ఫొటో పెట్టేది ఆల్బమ్ మొత్తంలో రెండు మూడు చోట్ల. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో బ్రహ్మాండంగా వస్తుంది. 45, 60 మెగాపిక్సెళ్ల కెమెరాతో పెళ్లి తీస్తే హార్డ్‌డిస్కులు నిండుతాయి, ఎడిటర్ తిట్టుకుంటాడు, అంతే.

లెన్సుల్లో 24-70 ఎఫ్ 2.8 (తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే జూమ్) లేకుండా పెళ్లికి వెళ్లొద్దు. రెండోది 70-200 ఎఫ్ 2.8. మండపం చుట్టూ జనం గోడ కట్టినప్పుడు స్టూలెక్కి వెనక నుంచి తీయడానికి అదే దిక్కు. సోనీ, నికాన్ వాడేవాళ్లకి టామ్రాన్ 35-150 ఎఫ్ 2-2.8 ఉంది. లెన్సు మార్చే పని లేకుండా సగం పెళ్లి దానితోనే అయిపోతుంది. కాని బరువు కిలో దాటుతుంది, తెల్లారేసరికి మణికట్టు చెబుతుంది. తలంబ్రాలప్పుడు మాత్రం దగ్గరికి దూరి 24 దగ్గరే తీయండి. ఆ గోల, ఆ నవ్వులు దూరం నుంచి రావు.

లైటు దగ్గరే అసలు చిక్కు. ఫంక్షన్ హాల్లో సీలింగ్ ఎక్కడో ఉంటుంది, దాని కింద గులాబీ, ఊదా రంగు గుడ్డలు కడతారు. కెమెరా మీద ఫ్లాష్ పైకి తిప్పి కొడితే వెలుతురు తిరిగి రాదు, వచ్చినా ఊదా రంగులో వస్తుంది. నేరుగా కొడితే పసుపు రాసిన మొహమూ జరీ అంచూ మెరిసిపోతాయి. హోమం పొగ ఉంటే ఆ పొగే తెల్లగా పడుతుంది. గొడాక్స్ ఏడీ200 లాంటి బ్యాటరీ ఫ్లాష్ ఒకటి స్టాండుకి పెట్టి, చిన్న సాఫ్ట్‌బాక్సుతో పక్క నుంచి పడేలా లైట్ బాయ్ చేతికివ్వండి. బాడీ మార్చినదానికంటే ఈ మార్పు ఎక్కువ కనపడుతుంది.

అయితే వీడియో అతనికి మీ ఫ్లాష్ అంటే పడదు. రోలింగ్ షట్టర్ వల్ల, అంటే సెన్సర్ బొమ్మని వరసలు వరసలుగా చదవడం వల్ల, ఫ్రేములో సగం తెల్లగా, సగం మామూలుగా పడుతుంది. మా టీమ్‌లో పద్ధతేమిటంటే, మండపానికి రెండు పక్కలా ఎల్‌ఈడీ లైట్లు పెట్టి, ముహూర్తం ఘట్టమంతా ఫొటో కూడా ఆ వెలుతురులోనే తీస్తాం. గ్రూప్ ఫొటోలకే ఫ్లాష్. ఎల్‌ఈడీ కొనేటప్పుడు వాట్లతో పాటు సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 95కి పైన ఉందో లేదో చూడండి. తక్కువ రకం లైట్ల కింద పసుపు మొహం ఆకుపచ్చగా తిరుగుతుంది, ఎడిటింగ్‌లో ఎంత లాగినా పూర్తిగా పోదు.

కరెంటు గురించి ఒక మాట. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. లైట్లు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంటాయి. కెమెరా ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ దేశాల) సెట్టింగులో ఉండి వీడియో 30 ఫ్రేములు, షట్టర్ 1/60 పెడితే ట్యూబులైట్ల కింద బొమ్మ ఊగుతుంది. కొనగానే పాల్‌కి (50 హెర్ట్జ్ సెట్టింగుకి) మార్చి, 25 ఫ్రేములకి 1/50, స్లోమోషన్ 50 ఫ్రేములకి 1/100 పెట్టుకోండి. ఫొటోకి కూడా హాల్లో 1/100 క్షేమం. మండపం వెనక ఎల్‌ఈడీ వాల్ పెట్టిస్తున్నారా? అయితే సాయంత్రమే వెళ్లి ఆ వాల్ ఆన్ చేయించి, గీతలు పడని షట్టర్ స్పీడు ఏదో చూసి ఉంచుకోండి. ముహూర్తానికి ముందు ఆ పని పెట్టుకోవద్దు.

వీడియోకి కార్డుల లెక్క: 4కేలో సెకనుకి 100 మెగాబిట్లంటే గంటకి 45 జీబీ. 200 అయితే 90 జీబీ. కార్డు మీద వి30, వి60, వి90 అని ఉండే గుర్తు చూడండి. సెకనుకి కనీసం అన్ని మెగాబైట్లు ఆగకుండా రాయగలదని అర్థం. 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే, వి30 చాలు. వి90 కార్డు అవసరం లేకుండానే కొని డబ్బు పోసేవాళ్లని చాలామందిని చూశాను.

వైశాఖం పెళ్లిళ్లలో ఇంకో బెడద వేడి. పగటి ముహూర్తం, పందిట్లో రేకుల కింద, ఆగకుండా 4కే రికార్డింగ్. చిన్న బాడీలు వేడెక్కి ఆగిపోతాయి. అలాంటి పని ఎక్కువుంటే లోపల ఫ్యాన్ ఉన్నదే తీసుకోండి: పానాసోనిక్ ఎస్5 టూ, సోనీ ఎఫ్ఎక్స్30, డబ్బుంటే ఎఫ్ఎక్స్3. మెయిన్ ఫ్రేము పట్టే కెమెరా అదవ్వాలి. గింబల్ (కుదుపు లేకుండా చేత పట్టుకునే స్టాండు) మీద తిరిగేది ఏదైనా ఫరవాలేదు, అది ఎలాగూ ముక్కలు ముక్కలుగానే తీస్తుంది.

శబ్దం సంగతి ఎవరూ అడగరు. కాని ఆరునెలల తర్వాత వీడియో చూసుకునేటప్పుడు పెళ్లికూతురు తండ్రి గొంతు కన్యాదానం దగ్గర వినపడకపోతే అప్పుడు అడుగుతారు. పెళ్లికొడుక్కి కాలర్ మైకు పెట్టడం కుదరదు. కండువా జారుతుంటుంది, రాపిడి శబ్దం తప్ప ఏమీ రాదు. పురోహితుడికి పెట్టండి, లేదా పీటల దగ్గర పందిరి గుంజకి కట్టండి. వైర్‌లెస్ మైకుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. హాల్లో వందల ఫోన్లు, వైఫైలు ఉన్నప్పుడు సిగ్నల్ తెగుతుంది. అందుకని ట్రాన్స్‌మిటర్ లోపలే రికార్డయ్యే రకం కొనండి. డీజేఐ మైక్ టూలోనూ, రోడ్ వైర్‌లెస్ ప్రోలోనూ ఆ సదుపాయం ఉంది, 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డవుతుంది. ఒక్కసారిగా డోలు దంచేసినా శబ్దం పగిలిపోకుండా తర్వాత తగ్గించుకోవచ్చు. దానితో పాటు సౌండ్ సిస్టమ్ అతన్ని మంచి చేసుకుని మిక్సర్ నుంచి ఒక లైన్ జూమ్ కంపెనీ ఆడియో రికార్డరుకి ఇప్పించుకోండి. కెమెరా మైకు ఇన్‌పుట్‌లోకి నేరుగా పెడితే లెవెల్ ఎక్కువై చెడిపోతుంది.

లైవ్ అడిగితే

కోనసీమలో చాలా ఇళ్లలో ఒకళ్లైనా అమెరికాలో ఉంటారు. వేసవిలో రాత్రి 2 గంటల ముహూర్తమంటే న్యూజెర్సీలో ముందురోజు సాయంత్రం 4.30. అక్కడ టీవీ ముందు కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఈ పనిలో చేజారకూడనిది నెట్.

కెమెరా ఏదైనా శుభ్రమైన హెచ్‌డీఎంఐ అవుట్ (స్క్రీన్ మీది అంకెలు, గుర్తులు లేకుండా బొమ్మ ఒక్కటే వచ్చేది) ఉంటే చాలు. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి మార్చి చూపే ఎటెమ్ మినీ స్విచర్‌కి నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లుంటాయి, ప్రో మోడల్ అయితే కంప్యూటర్ లేకుండానే యూట్యూబ్‌కి పంపుతుంది. 1080 రిజల్యూషన్‌కి సెకనుకి 6 మెగాబిట్ల అప్‌లోడ్ పెట్టుకుంటే గంటకి 2.7 జీబీ అవుతుంది. డౌన్‌లోడ్ స్పీడు చూసి మురిసిపోవద్దు, అప్‌లోడ్ చూడండి. అదీ ఖాళీ హాల్లో కాదు, భోజనాల టైముకి జనం నిండినప్పుడు చూడండి. రెండు వేరు వేరు కంపెనీల సిమ్ములతో రెండు రౌటర్లు ఉంచుకోండి. హాల్లో ఫైబర్ ఉంటే అది మొదటిది, సిమ్ములు వెనకాల. హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్లు దాటితే నమ్మొద్దు, దూరానికి వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ అద్దెకి తెచ్చుకోవడమే మంచిది.

రెండు చిన్న విషయాలు. కొత్త యూట్యూబ్ ఛానెల్‌లో లైవ్ ఆన్ చేశాక పని చేయడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, పెళ్లిరోజు పొద్దున మొదలుపెడితే ముహూర్తం దాటిపోతుంది. బ్యాండ్‌వాళ్లు సినిమా పాట అందుకుంటే కాపీరైట్ పేరుతో లైవ్ ఆగిపోవచ్చు, పెళ్లివారికి ముందే చెప్పి ఉంచండి.

చీరలు, నగలు

ఇక్కడ పని తీరు తిరగబడుతుంది. మోడల్ ఉంటుంది, చీర ఉంటుంది, రోజంతా టైముంటుంది. పదేళ్ల కిందటి 24 మెగాపిక్సెళ్ల డీఎస్ఎల్ఆర్‌తో కూడా మంచి కేటలాగ్ తీయొచ్చు. ఒక 50, ఒక 85 లెన్సు చాలు. డబ్బు పోయాల్సింది లైట్ల మీద: పెద్ద సాఫ్ట్‌బాక్సులు రెండు, బ్యాక్‌గ్రౌండ్‌కి ఇంకో లైటు, రంగులు సరిపోల్చుకునే కలర్ చెకర్ కార్డు, రంగులు సరిచేసిన మానిటర్. షాపువాళ్లకి రిటర్నులంటే నష్టం. ఫొటోలో కుంకుమ రంగు, ఇంటికి వెళ్తే మిరప రంగు అయితే చీర వెనక్కొస్తుంది, మాట మన మీదికొస్తుంది.

ఎరుపు చీరలు తీసేటప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫు) నమ్మొద్దు. ఆర్జీబీ హిస్టోగ్రామ్ పెట్టి ఎర్ర గీత కుడిపక్క గోడకి తగలకుండా చూడండి. మిగతా రంగులు బాగానే ఉండగా ఎరుపు ఒక్కటే నిండిపోయి, నేత అంతా పోయి ముద్దలా కనపడడం పట్టుచీరల్లో తరచూ జరిగేదే. మంగళగిరి కాటన్ లాంటి సన్నటి నేతలో ఇంకో చిక్కు, మోయిరే. బట్ట మీద లేని అలలు ఫొటోలో కనపడతాయి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే, లేదా కోణం కాస్త మారిస్తే పోతుంది. అందుకే ఒక్కో చీరకి రెండు దూరాల నుంచి తీసి పెట్టుకుంటాను.

నగలకి 90 లేదా 100 మాక్రో లెన్సు, గట్టి ట్రైపాడ్. దగ్గర నుంచి తీస్తే హారంలో లాకెట్ షార్పుగా ఉండి గొలుసు మసకబారుతుంది. ఫోకస్ కొంచెం కొంచెం మారుస్తూ కొన్ని ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. బంగారానికి పెద్ద మెత్తటి వెలుతురు కావాలి, వజ్రానికి చిన్న గట్టి వెలుతురు కావాలి, లేకపోతే మెరవదు. రెండూ ఉన్న నగకి రెండు రకాల లైటూ పెట్టాల్సిందే. మిగతా కిటుకంతా స్టేషనరీ షాపులో దొరుకుతుంది: తెల్ల అట్టలు, నల్ల అట్టలు. తెల్ల అట్ట మెరుపు తెస్తుంది, నల్ల అట్ట అంచు చూపిస్తుంది. "ఇంత పెద్ద లెన్సు పెట్టుకుని అట్టముక్కలు కత్తిరిస్తున్నాడేంట్రా" అని షాపు ఓనర్ నవ్వుతాడు. ఫొటో చూశాక ఆ అట్టలు దాచిపెట్టమని తనే చెబుతాడు.

స్టేజీ, మీటింగు

కూచిపూడి రంగప్రవేశాలకి ఫ్లాష్ వద్దంటారు, అది న్యాయమే. కెమెరా చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే స్టేజీ ఎల్‌ఈడీ లైట్ల కింద గీతలు పడతాయి, తిరిగేటప్పుడు చెయ్యి వంగినట్టు వస్తుంది. నికాన్ జెడ్8 లాంటి స్టాక్డ్ సెన్సర్ (బొమ్మని చాలా వేగంగా చదివేది) ఉన్న కెమెరాలకి ఈ బాధ చాలా తక్కువ, కాని ఖరీదు. మామూలు కెమెరా ఉన్నవాళ్లు మెకానికల్ షట్టరే వాడుకుని, మృదంగం జోరుగా ఉన్నప్పుడు తీయండి. 70-200 ఎఫ్ 2.8, షట్టర్ 1/500 దగ్గర, ఐఎస్ఓ ఎంత పెరిగినా భయపడొద్దు. మసక ఫొటో బాగుపడదు, ఐఎస్ఓ పెంచితే వచ్చే చుక్కలు (గ్రెయిన్) తర్వాత తగ్గించుకోవచ్చు.

రాజకీయ సభలకి దూరం ఒక్కటే సమస్య. ప్రెస్ వాళ్లని ఎక్కడో బారికేడ్ వెనక నిలబెడతారు. 70-200ని ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీకి పెడితే 300 దాకా వెళ్లినట్టే. మోనోపాడ్, మడత స్టూలు, ఫోనుకి వెంటనే జేపెగ్ పంపే సదుపాయం. ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ప్రీవెడ్డింగ్, డ్రోన్

మారేడుమిల్లి, పాపికొండలు, లంబసింగి. సామాను తక్కువైతేనే కొండ ఎక్కగలం: ఒక బాడీ, 35, 85, ఒక రిఫ్లెక్టర్. వీడియోకి మాత్రం వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి, ఎంత గట్టిదో లెక్కేసి కొనండి. ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/50, ఎఫ్ 2.8 పెట్టాలంటే ఆరు స్టాపులు తగ్గించాలి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). సోనీలో ఎస్‌లాగ్3 (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వాడే సెట్టింగు) పెడితే ఐఎస్ఓ 800 నుంచే మొదలవుతుంది, అంటే ఇంకో మూడు, మొత్తం తొమ్మిది. బజార్లో ఎక్కువగా అమ్మే 2-5 స్టాపుల వేరియబుల్ ఎన్‌డీ దీనికి చాలదు, 6-9 రకం కావాలి.

డ్రోన్ నేను కొనలేదు, కొనను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు నానో, ఆ పైన 2 కిలోల దాకా మైక్రో. మైక్రో డ్రోన్‌తో డబ్బులకి పని చేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ముందు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు, విమానాశ్రయాల చుట్టూ ఎల్లో, రెడ్ జోన్లుంటాయి. మాకు మధురపూడి ఎయిర్‌పోర్టు పక్కనే ఉంది కాబట్టి ప్రతిసారీ ప్రభుత్వం వారి డ్రోన్ మ్యాప్ చూసుకోవాల్సిందే. పైగా 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, బిల్లు లేకుండా తెచ్చినదానికి రిపేరు వస్తే ఎక్కడికి పట్టుకెళ్తారు? సర్టిఫికెట్ ఉన్న పైలట్‌ని డ్రోన్‌తో సహా మాట్లాడుకోండి, తిరుమల కొండ మీద మాత్రం ఆ మాటే ఎత్తొద్దు.

కొనడమా, అద్దెకా

నెలనెలా వాడేది కొనండి, సీజన్‌కి రెండుసార్లు వాడేది అద్దెకి తెచ్చుకోండి. మాక్రో లెన్సు, జిమ్మీ జిబ్ (కెమెరా క్రేను), వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ అద్దెకే నయం. ఇంకా ఎక్స్‌పోజింగ్‌కి (వేరేవాళ్ల ఆర్డర్లలో రోజుకింత అని తీయడానికి) వెళ్తున్న కుర్రాళ్లు ముందు ఒక మంచి లెన్సు, ఒక ఫ్లాష్, నాలుగు బ్యాటరీలు కొనుక్కోండి. బాడీ ఎలాగూ నాలుగేళ్లకి పాతబడుతుంది, లెన్సు పదేళ్లు తింటుంది.

సెకండ్‌హ్యాండ్ తీసుకునేటప్పుడు, కోఠీ గుజరాతీ గల్లీ అయినా, మీ ఊరి స్నేహితుడే అమ్మినా, సెల్‌ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనపడితే ఫంగస్. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల లెన్సుల్లో ఇది ఎక్కువ. శుభ్రం చేయించినా పూత మీద మచ్చ ఉండిపోవచ్చు. మీ లెన్సులకి రాకుండా ఉండాలంటే తోలు సంచీలో కాదు, 40-50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. అది లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ చాలు, జెల్ రంగు మారగానే ఎండబెట్టుకోండి. బాడీ అయితే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో) చూసి, రెండు స్లాట్లలోనూ కార్డు పెట్టి పది నిమిషాలు వీడియో తీసి చూడండి. చివరిగా జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరూ బాడీ అడుగున ఉన్న నంబరూ ఒకటేనని చూసుకున్నాకే డబ్బివ్వండి.